గుర్తు పెట్టిన పన్ను

మా మేనమామ ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళ పాటు ఒకే కోత మిషన్ ముందు నిలబడి పనిచేశాడు. ఆయనను దాని ముందు నుంచి తప్పించింది నేను. తప్పించమని ఎవరూ నాకు చెప్పలేదు. తప్పించినందుకు ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

కోత మిషన్‌ను దగ్గర నుంచి చూడనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. నడుము ఎత్తున ఒక ఇనప బల్ల ఉంటుంది. దాని మధ్య సన్నటి చీలిక. ఆ చీలికలో నుంచి గుండ్రటి రంపపు బ్లేడు కొంత పైకి వచ్చి తిరుగుతుంది. బల్ల కింద షాఫ్టు, దానికి రెండు వైపులా బేరింగులు, పక్కన మోటారు, బెల్టు. బల్ల మీద బ్లేడుకు కుడి పక్కన పొడుగాటి ఇనప పట్టీ బిగించి ఉంటుంది. దాన్ని గైడు అంటాం. చెక్కను గైడుకు ఆనించి ముందుకు తోస్తే బ్లేడు నిలువునా కోసుకుంటూ పోతుంది. బ్లేడూ గైడూ రైలు పట్టాల మాదిరి ఉండాలి. ముందు ఎంత దూరమో వెనక అంతే దూరం. వెనక వైపు దగ్గరైతే చెక్క మధ్యలో ఇరుక్కుని కాలుతుంది, ఒక్కోసారి తోసేవాడి పొట్ట మీదికే ఎగిరి వస్తుంది. వెనక వైపు దూరమైతే కోత పక్కకు జరిగి అంచు గరుకుగా లేస్తుంది. అలా కోసిన రెండు పలకలను జత చేస్తే మధ్యలో వెలుతురు కనిపిస్తుంది.

మామ ఇదంతా చెవితో చూసుకునేవాడు. పొద్దున్నే స్విచ్చి వేసి, చెక్క పెట్టకుండా, తల పక్కకు వంచి కాసేపు వినేవాడు. ఆ పనిలో ముప్పై ఏళ్ళున్న మనిషికి పది వేళ్ళూ మిగిలి ఉండటం మా వీధిలో అరుదు. ఆయనకు పదీ ఉన్నాయి. చింతకొయ్యతో ఆయనే చేసుకున్న తోపుడు కర్ర ఒకటి ఉండేది. చెక్క చివరి జానెడు భాగాన్ని చేత్తో కాకుండా దానితోనే తోసేవాడు. బొటనవేలు ఆనే చోట ఆ కర్ర గుంట పడి, నూనె రాసినట్టు నల్లగా మెరిసేది.

నేను పదో తరగతి తప్పి ఆయన దగ్గర పనికి చేరాను. నా అసలు చదువు ఆ తర్వాతే మొదలైంది. సాయంత్రం ఒంటి మీద పొట్టు దులుపుకుని, మోచేతుల దాకా కడుక్కుని గ్రంథాలయానికి పోయేవాణ్ణి. పశువైద్యం, నక్షత్రాలు, దేశాల చరిత్రలు, వంతెనల నిర్మాణం, ఏది చేతికి వస్తే అది చదివాను. కొన్నాళ్ళకు అక్కడి ఉద్యోగి వెనక గదిలోని బీరువాల తాళాలు నా చేతికే ఇచ్చేవాడు. ఆ తాళాల గుత్తి పట్టుకున్నప్పుడు కలిగిన గర్వం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ నుంచి మంచాలు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు, తెలుగు మాటలతో చెక్కిన బాగా పాత శాసనం ఒకటి వాళ్ళ ఊళ్ళోనే దొరికిందని చెప్పేవాణ్ణి. వాళ్ళు ఓపికగా విని, మంచం ఎప్పుడిస్తావని అడిగేవాళ్ళు.

మామకు సంతకం పెట్టడం తప్ప ఏమీ రాదు. కానీ వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "మా అల్లుడు శానా సదివినోడు" అని చెప్పేవాడు. ఆ మాట ఆయన నిజంగా నమ్మాడు. తర్వాత జరిగినదంతా ఆ నమ్మకం వల్లే జరిగింది.

ఒక శ్రావణమాసంలో మా అత్త చనిపోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. మామ పెద్దకర్మ అయ్యేదాకా ఇంట్లో ఉండి, తర్వాత ఎప్పటిలాగే పనికి వచ్చాడు. ఎప్పటికన్నా తక్కువ మాట్లాడేవాడు. అంతకు మించి తేడా నాకేమీ కనిపించలేదు.

దసరా వచ్చింది. మా పనివాళ్ళకు ఆయుధపూజ ఏడాదికంతా పెద్ద పండగ. బ్లేడు విప్పి, కడిగి, పసుపూ గంధం నూనెలో కలిపి పూసి, కుంకుమబొట్లు పెట్టి, ఉలులూ చిత్రికలూ మూలమట్టాలూ అన్నీ దాని చుట్టూ పేర్చి కొబ్బరికాయ కొడతాం. ఆ రోజు మిషన్ ముట్టుకోము. మరునాడు పొద్దున్నే అందరికంటే ముందు మామ ఒక్కడే వచ్చి బ్లేడు బిగించేవాడు. మేం పోయేసరికి మిషన్ తిరుగుతూ ఉండేది. ఇన్నేళ్ళలో ఆ బిగింపు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"ఈసారి పూజ నువ్వు చెయ్యప్పా" అన్నాడు మామ. "మీ అత్త పోయి ఏడాది కాలేదు. నేను ముట్టగూడదు."

"నాకేం తెల్సు మామా, నేనెప్పుడన్నా చేసినానా?"

"ఇన్నేండ్లు సూస్తానే ఉండావు గదా. సదివినోడికి నేను సెప్పేదేముండాది."

నేను మేనల్లుణ్ణి. నాకు ఆ మైల పట్టదు. స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని పూజ చేశాను. మామ లోపలికి రాలేదు. రోడ్డుకు అవతల, టైర్ల అంగడి నీడలో నిలబడి చూశాడు. నేను బ్లేడుకు పూసి లేవబోతుంటే అక్కడి నుంచే కేక వేశాడు.

"షాఫ్టుకు గూడా పెట్టప్పా, మర్సిపోవాకు."

నేను వంగి షాఫ్టుకూ, బ్లేడు ఆనుకునే లోపలి వాషర్‌కూ చేతి నిండా పూశాను. ఆయన మనసు తృప్తి పడాలని ఒకటికి రెండుసార్లు పూశాను.

పూజ చేసినవాడే బిగించాలి కాబట్టి, మరునాడు ఆయన మాదిరిగానే అందరికంటే ముందు పోయి బ్లేడు బిగించాను. బ్లేడు పళ్ళకు అంటిన పసుపు గుడ్డతో తుడిచాను, చెక్కకు రంగు అంటుతుందని. షాఫ్టునూ వాషర్‌నూ ముట్టుకోలేదు. దేవుడికి పెట్టింది తుడిచేస్తారా అనుకున్నాను. బ్లేడు ఎక్కించి, బయటి వాషర్ వేసి, నట్టు గట్టిగా బిగించాను.

వారం లోపలే మామ అన్నాడు, "ఏందప్పా, మిషన్ ఏడుస్తాంది."

"ఏడిసేదేంది మామా. శబ్దాన్ని నమ్ముకుంటే ఎట్ల? కొల్సి సూడాల" అన్నాను.

ఆ మాట అన్నందుకు నాకు సంతోషంగా కూడా ఉండింది. ఇన్నాళ్ళు చదివిన చదువు మా పనికి పనికొచ్చే రోజు వచ్చిందనుకున్నాను. గ్రంథాలయంలో కొయ్య మిషన్ల మీద ఒక పాత పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయి, పేరు కూడా మిగలని పుస్తకం. అందులో బ్లేడును గైడుకు సమాంతరంగా తెచ్చే పద్ధతి ఉంది. ముందు వైపు పన్ను దగ్గర, వెనక వైపు పన్ను దగ్గర గైడు నుంచి దూరం కొలవాలి. తేడా ఉంటే బేరింగులు కూర్చున్న ఇనప పెట్టెల బోల్టులు వదులు చేసి, కొయ్య సుత్తితో తట్టి జరిపి, మళ్ళీ బిగించాలి. దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకుని, బొమ్మ కూడా గీసుకుని వచ్చాను.

కొలిచాను. పావు నూలు తేడా వచ్చింది. మా లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్ళు. పావు నూలు అంటే మందపాటి అట్టముక్క అంత. బోల్టులు వదులు చేసి జరిపాను, తేడా పోయింది. మరునాడు కొలిస్తే ఇంకో వైపుకు తేడా చూపించింది. మళ్ళీ జరిపాను. రెండు రోజులకు మళ్ళీ తేడా. ఒక్కో రోజు ఒక్కో లెక్క. జరపడం ఎక్కువైన కొద్దీ చెక్క అంచులు ఎక్కువగా కాలసాగాయి. బోల్టులు అరిగిపోయాయేమో అని కొత్తవి వేశాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తున్నాను కాబట్టి తప్పు మిషన్‌లో లేదని నిశ్చయించుకున్నాను. ఇక మిగిలింది చెక్కను తోసే చెయ్యి.

ఆ రోజుల్లోనే పులివెందుల నుంచి ఆరు తలుపుల పని వచ్చింది. ఆ ఇంటి పెద్దమనిషి వాళ్ళు ఒకప్పుడు గొర్రెలు కాసుకునేవాళ్ళు, ఇప్పుడు అరటితోటలు పెట్టారు. గృహప్రవేశానికి ముహూర్తం దగ్గర పడింది. పలకల అంచులు చిత్రిక పట్టి నునుపు చేసే వ్యవధి లేక, మిషన్ కోత మీదే జతచేసి అతికించాం. కోసింది అంతా మామే. తలుపులు చిన్న లారీలో ఎక్కించి, గండి మీదుగా మేమిద్దరమే పోయి బిగించి వచ్చాం. పదిహేను రోజులకు ఆ పెద్దమనిషి నుంచి ఫోను. పోయి చూస్తే ఆరింటిలో నాలుగు తలుపుల్లో పలకలు విడిపోయి సందులు పడ్డాయి.

ఆయన కోపగించుకోలేదు. ఒక తలుపు మూసి, దాని వెనక్కి పోయి నిలబడి, సందులో నుంచి మామను చూసి పలకరించాడు.

"ఏం మామా, బాగుండావా? నేనీడ కనపడతాండానా?"

మామ తల దించుకున్నాడు.

"తలుపేసినా ఇంట్లో ఎవురుండారో తెలిసిపోతాంది. సుట్టాలొచ్చినప్పుడు దాంకునేదానికి గూడా లేదే" అని, తలుపు తెరిచి ముందుకు వచ్చాడు. "నీ పేరు సూసి ఇచ్చినా మామా ఈ పని. ఇంతకన్నా ఏం సెప్పేది."

తలుపులు విప్పి లారీలో వెనక్కి తెచ్చాం. వేంపల్లి దాటాక మామ ఒకసారి తన కుడిచేతిని ముందుకు చాచి, తిప్పి చూసుకున్నాడు. అది నేను చూశాను.

మరునాడు ఆయన కొత్త పలక తీసుకుని మిషన్ దగ్గరకు నడిచాడు. నేను అడ్డంగా పోయాను.

"మామా, ఇంగ నువ్వు మిషన్ దగ్గర నిలబడాకు."

"ఎందుకప్పా?"

"అత్త పోయినప్పటి నుంచి నీ చెయ్యి ఒణుకుతాంది. నువ్వు సూసుకోలేదు గానీ నేను సూస్తాండా. మిషన్ నేను కొల్సి పెట్టినా, అది సరిగ్గా ఉండాది."

పాలిష్ పట్టే సాయిబు అక్కడే ఒక కుర్చీకి ఉప్పుకాగితం రుద్దుతూ ఉన్నాడు. ఆయన మామకు చిన్ననాటి స్నేహితుడు, ఎవరినైనా ఏమైనా అనగల మనిషి. ఆయన కూడా రుద్దడం ఆపి మామ వైపు చూశాడు.

మామ నాతో వాదిస్తాడనుకున్నాను. తిడితే పడదామనుకున్నాను. ఆయన నా వైపు చూసి, "కొల్సినావా?" అని మాత్రం అడిగాడు.

"కొల్సినా మామా. పుస్తకంలో ఉండేట్టే."

"అట్లయితే చెయ్యే అయ్యుంటాది" అన్నాడు. తోపుడు కర్రను నా చేతికి ఇవ్వలేదు. గోడకున్న మేకుకు తగిలించి, ఉలులు నూరుకోవడానికి రాయి దగ్గర కూర్చున్నాడు.

అప్పుడు ఆయన చెయ్యి నిజంగా వణికేదా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. వణికిందని చెప్పిన మాట గుర్తుంది. వణకడం చూసిన గుర్తు ఎంత వెతికినా దొరకదు.

ఆ తర్వాత నేనే కోశాను. నా కోతలూ కాలాయి, నా అంచులూ గరుకుగా లేచాయి. కానీ నాకు ప్రతిదానికీ ఒక కారణం తెలుసు. టేకు పచ్చిది అనుకున్నాను. ఓల్టేజీ తక్కువ అనుకున్నాను. బ్లేడు పదును పోయిందని నూరించి తెచ్చాను, ఎండకు బెల్టు సాగిందని కొత్తది వేశాను. అంచులన్నీ చిత్రికతో సరిచేసి పని గడుపుకొచ్చాను. రెండు రోజుల పని నాలుగు రోజులు పట్టేది. అదే తప్పు మామ చేస్తే చెయ్యి అన్నాను, నేను చేస్తే కారణాలు వెతికాను. ఆ తేడా అప్పుడు నా కంటికి ఆనలేదు.

మామ కొన్నాళ్ళు ఉలులు నూరాడు. నూరడానికి ఉలులు అయిపోయాక వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ ఆయననే అడిగేవాళ్ళు. ఆయన నన్ను చూపించేవాడు. తర్వాత రోజు విడిచి రోజు రావడం మొదలైంది. ఒకసారి బ్రహ్మంగారిమఠం పోతున్నానని పోయి నెల దాకా రాలేదు. ఎండాకాలంలో ఆయన కూతురు వచ్చి జమ్మలమడుగు తీసుకుపోయింది. పోయేరోజు అంగడికి వచ్చి, మిషన్ బల్లను గుడ్డతో ఒకసారి తుడిచి, "పైలం అప్పా, వేండ్లు" అని నాకు చెప్పి ఆటో ఎక్కాడు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. శనివారాలకు గండి గుడికి పోయే జనంతో బస్సులు నిండుగా పోతున్నాయి. ఒకరోజు కాలిన పలక ఒకటి చేతిలో పట్టుకుని నిలబడి ఉంటే సాయిబు నా దగ్గరకు వచ్చాడు. పలక తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మామ చేతి రోగం నీకూ అంటుకున్న్యాదే."

నేను పలక వెనక్కి తీసుకున్నాను.

"ఆయప్ప జమ్మలమడుగులో కూసోనుండాడు. ఈడ చెక్క ఇంగా కాలతానే ఉండాది. చెయ్యి ఆడ, కాలేది ఈడ. ఇదేం చెయ్యప్పా, ఇంత పొడుగుండాది?"

"నేను కొల్సినా గదా."

"ఏమో. నీ పుస్తకం నాకు తెల్దు. ఫోన్లో సూడరాదా, అన్నీ సూపిస్తాండారంట గదా."

ఫోనులో చూడటం నాకు చిన్నతనం అనిపించింది. ఆ సాయంత్రం గ్రంథాలయానికే పోయి, అట్ట లేని ఆ పుస్తకం తీసి, నోటుబుక్కు పక్కన పెట్టుకుని మాట మాట పోల్చి చూశాను. నేను ఎక్కించుకున్న పేజీ చివరిదాకా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేజీ తిప్పితే, పైన మూడు వరుసలు, వాటి కింద బొమ్మ. ఆనాడు నేను పేజీ తిప్పి నేరుగా బొమ్మ దగ్గరకు పోయాను. ఆ మూడు వరుసలు చదవలేదు.

అందులో ఉన్నది ఇదే. ఏదో ఒక పన్నుకు సుద్దతో గుర్తు పెట్టాలి. దాన్ని ముందు వైపు కొలవాలి. తర్వాత బ్లేడును చేత్తో తిప్పి, అదే పన్నును వెనక వైపుకు తెచ్చి అక్కడ కొలవాలి. రెండు చోట్లా రెండు వేర్వేరు పళ్ళు కొలిస్తే, బ్లేడు వంకరగా కూర్చున్నా సరే, షాఫ్టే వంకరగా ఉన్నట్టు చూపిస్తుంది.

నేను ఏడాదిగా వేర్వేరు పళ్ళు కొలుస్తున్నాను. ప్రతిసారీ అప్పుడు ముందుకు వచ్చి నిలిచిన పన్ను ఒకటి, వెనక నిలిచిన పన్ను ఒకటి. లేని తప్పును సరిచేస్తూ సరిగ్గా ఉన్న షాఫ్టును నేనే వంకర చేశాను.

మరునాడు పొద్దున సుద్దముక్క తీసుకుని ఒక పన్నుకు గుర్తు పెట్టాను. చిన్న చెక్కకు మరమేకు బిగించి, దాని తల పన్నుకు తగిలీ తగలనట్టు ఉండేలా గైడుకు ఆనించి పెట్టాను. ముందు వైపు గుర్తు పన్ను మేకును రాసుకుని సన్నగా కీచుమంది. వెనక్కి తిప్పి తెస్తే మేకుకూ పన్నుకూ మధ్య అర నూలు సందు. బేరింగు పెట్టెలు జరిపి, తట్టి, బిగించి, మళ్ళీ చూసి, మధ్యాహ్నానికి గుర్తు పన్ను ముందూ వెనకా ఒకేలా కీచుమనేటట్టు తెచ్చాను. షాఫ్టు సరి అయ్యింది.

అప్పుడు చెక్కను కదపకుండా బ్లేడును మెల్లగా చుట్టూ తిప్పాను. గుర్తు పన్ను తగులుతుంది. దానికి ఎదురుగా ఉన్న పన్ను తగలదు, దూరంగా పోతుంది. అంటే షాఫ్టు నేరుగా ఉంది, దాని మీద బ్లేడు ఒరిగి కూర్చుంది. కొత్త బ్లేడు ఎక్కించి చూశాను. అదీ అదే వైపుకు ఒరిగింది.

బ్లేడు తీసేసి లోపలి వాషర్‌ను చూశాను. నల్లగా, నూనె పట్టి, నునుపుగా ఉంది. బ్లేడు విప్పిన ప్రతిసారీ దాన్ని గుడ్డతో తుడిచాను. అది ఇనుమే అనుకున్నాను. ఈసారి కళ్ళు మూసుకుని వేలితో చుట్టూ తడిమాను. ఒక పక్క, నెలవంక ఆకారంలో, గోరు మందం కూడా లేని మెట్టు వేలికి తగిలింది. పాత ఉలితో గీకాను. నలుపు పెచ్చుగా లేచింది. దాని కింద పసుపు.

పోయిన దసరాకు నేను రెండుసార్లు పూసిన పసుపూ గంధమూ. నట్టు బిగించే కొద్దీ నొక్కుకుపోయి, ఎండి, రాయిలాగా గట్టిపడింది. షాఫ్టు దగ్గర అంత మెట్టు, పళ్ళ దగ్గరకు పోయేసరికి దానికి ఎన్నో రెట్ల ఊగిసలాట.

సాయిబు నా భుజం మీద నుంచి వంగి చూశాడు. ఆ పెచ్చును వేళ్ళ మధ్య నలిపి, వేలికి అంటిన రంగు చూసుకున్నాడు. గుడ్డకు వేలు తుడుచుకుని పోయి తన కుర్చీ దగ్గర కూర్చున్నాడు.

వాషర్ తళతళలాడేదాకా రుద్ది, బ్లేడు ఎక్కించి ఒక పలక కోశాను. అంచు మీద చెయ్యి పెడితే అద్దంలా ఉంది. ఏడాదిగా అలాంటి కోత చూడలేదు. ఆ పలకను సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు బస్సు ఎక్కాను.

మామ కూతురి ఇంటి అరుగు మీద చాట ముందు పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆ మూడు వరుసలు చదవకుండా పోయిన సంగతి కూడా దాచలేదు. ఆయన పలక అంచును బొటనవేలితో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తడిమాడు.

"పసుపు తుడ్సలేదా?"

"లేదు మామా."

"నేను ఏటేటా కిర్సనాయిలు గుడ్డతో తుడిసి, వేలితో తడిమి సూసి, అప్పుడు ఎక్కిస్తాంటి."

"నాకెప్పుడూ సెప్పలేదు గదా."

"దేవునికి పెట్టింది తుడిసేది పదిమంది ముందర సెప్పుకునేదా? అందుకే గదా ఎవురూ రాకముందే వస్తాంటి." కాసేపు శెనక్కాయలు ఒలిచాడు. "నీకు తెల్సనుకున్యా. మిషన్ లోపల ఏముండాల, ఏముండగూడదు అనేది పుస్తకంలో రాసుంటారు గదా అనుకున్యా."

"నీ చెయ్యి బాగనే ఉన్న్యాది మామా. నేనే తప్పు సెప్పినా."

ఆయన ఒక కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నా ముఖం ముందుకు తెచ్చాడు. కాయ సన్నగా వణుకుతోంది. లోపలి గింజలు గలగలమంటున్నాయి.

"అప్పుడు బాగున్న్యాదేమో. ఇప్పుడు సూడు."

"పని లేక అట్లయింటాది. నాలుగు దినాలు నిలబడితే అదే పోతాది. రా మామా."

ఆయనకు రావాలని లేదు. కూతురు కూడా వద్దంది. నేను వదలలేదు. తప్పు చేసినవాడికి దాన్ని సరిచేయాలన్న తొందర ఎక్కువ. ఆ తొందర కూడా నాకోసమేనని ఇప్పుడు అనుకుంటాను. వారం తర్వాత ఆయనే బస్సు దిగి, మెల్లగా నడుచుకుంటూ అంగడికి వచ్చాడు. సాయిబు ఎదురుపోయి చెయ్యి పట్టుకున్నాడు.

"రా మామా. నీ కోసం ఏడాది ఏడ్సి, ఇప్పుడే కండ్లు తుడుసుకున్న్యాది నీ మిషను."

"నువ్వు తుడిసినావా దాని కండ్లు?"

"నా చేతికి పాలిష్ ఉంటాది గదా. నీ అల్లుడే తుడిసినాడు, ఏడిపించింది గూడా ఆయప్పే గదా."

మామ నవ్వాడు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. స్విచ్చి వేశాను. ఆయన తల పక్కకు వంచి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఇప్పుడు బాగుండాది" అన్నాడు.

మేకు నుంచి తోపుడు కర్ర తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన రెండడుగుల టేకు పలక తీసుకుని గైడుకు ఆనించాడు. ఎడమచేత్తో పక్క నుంచి ఒత్తి పట్టి, కుడిచేత్తో తోశాడు. బ్లేడు చెక్కలోకి దిగింది. మొదటి అడుగు నేరుగా పోయింది. అక్కడ ఎడమచేతి ఒత్తిడి సడలింది. పలక గైడును వదిలి పక్కకు జరిగింది, బ్లేడుకు పట్టుకుని అరిచింది, పొగ వచ్చింది. నేను అందుకునే లోపల ఆయనే మోకాలితో స్విచ్చి కొట్టాడు. ఆ అలవాటు మాత్రం పోలేదు.

బ్లేడు ఆగేదాకా ఎవరమూ కదల్లేదు.

"రోంత అలవాటు తప్పినాది మామా, అంతే" అన్నాను. "రేపు..."

"వద్దులే అప్పా." ఆయన రెండు చేతులూ కడుపు దగ్గర పెట్టుకుని ఒకదానితో ఒకటి పట్టుకున్నాడు. "మిషన్ బాగుండాది. పదేండ్లు వస్తాది. నేను వేండ్లుండంగనే ఇంటికి పోతా."

గుడ్డ తీసుకుని బల్ల మీది పొట్టు తుడిచాడు. గైడు పక్కన, మూలల్లో, చీలిక అంచుల్లో, ఎప్పుడూ తుడిచే వరుసలోనే తుడిచాడు. గుడ్డ విదిలించి మడిచి పెట్టాడు. సాయిబు ఆయనను బస్టాండు దాకా తీసుకుపోయాడు.

ఆ దసరాకు ఆయనకు ఏడాది మైల తీరింది. పూజకు రమ్మని ఫోను చేశాను. మోకాళ్ళ నొప్పులని చెప్పాడు. నేనే చేశాను. షాఫ్టుకూ పసుపు పెట్టాను. మరునాడు ఎవరూ రాకముందే పోయి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూసి బ్లేడు ఎక్కించాను. ఒక పన్నుకు సుద్ద పెట్టి ముందూ వెనకా కొలిచాను. వెంట్రుక వాసి తేడా లేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. ఆ మిషన్ ఇప్పుడు ఎంత నేరుగా కోస్తుందో చూడటానికి వచ్చేవాళ్ళే తగ్గిపోయారు. మా వీధి చివర తయారు తలుపుల అంగడి పెట్టారు. పులివెందుల పెద్దమనిషి తర్వాత తలుపులు అక్కడే తీసుకున్నాడని విన్నాను. సాయిబుకు ఉబ్బసం ఎక్కువై పాలిష్ మానేశాడు. గ్రంథాలయానికి ఇప్పుడూ పోతాను. పేజీ తిప్పాక పై వరుస నుంచి చదువుతాను.

మామ ఆ రోజు కోసిన పలకను నేను పడేయలేదు. తోపుడు కర్ర పక్కనే ఇంకో మేకుకు తగిలించాను. దాని అంచుకు స్కేలు ఆనిస్తే మొదటి అడుగు దాకా వెలుతురు కనపడదు. అక్కడి నుంచి పక్కకు జరిగి ఉంటుంది, నల్లగా కాలి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు. మిషన్ సరిగ్గా లేనప్పటిదా అంటారు. కాదు, మిషన్ సరిచేసిన తర్వాతిది అని చెబుతాను.